నగర నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్‌షా

నివసించుటకు భూమి చాలనప్పుడు మానవుడు నీటిని పూడ్చి భూమిని సృష్టించుకొన్నాడు. ఏడు దీవుల నడుమనున్న సముద్రపు పాయలను తరతరాలుగా పూడ్చగా నేటి బొంబాయి మహానగరము ఏర్పడినది. అక్కడ మన్ను మోసి రాయి కొట్టినవారిలో తెలంగాణము నుండి వలసపోయిన కామాఠీలు ఎందరో ఉన్నారు. వారి పేరుననే కామాఠీపురమను పేట వెలసినది. మన విశాఖపట్టణ రేవును నిర్మించు కాలమున రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి సముద్రములో ముంచి, అలల తాకిడిని ఆపు అడ్డుకట్టగా నిలిపినారు. ఈ శతాబ్ది ఆరంభములో దుబాయి తీరమున సముద్రగర్భము నుండి ఇసుకను తోడి, ఖర్జూరపు చెట్టు ఆకారములో ఒక ద్వీపమును పోసి, దానిపై వేలాది గృహములు కట్టినారు. గల్ఫు దేశములకు కూలికి పోయిన మన తెలుగువారి చెమట ఆ దేశముల కట్టడములలో ఎంతో కలిసియున్నది.

ఇట్టి నిర్మాణములను గూర్చి విన్నప్పుడు మనకు ఆశ్చర్యము కలుగుట సహజము. కాని నేల దొరకినంత మాత్రమున నగరము కాదు. ఆ నేల దేవుడిచ్చినదైనను, మానవుడు పోసినదైనను, అక్కడ కాపురముండవలసిన వారి ప్రశ్నలు ఒక్కటే. త్రాగు నీరు ఎక్కడి నుండి వచ్చును? నడచు బాట ఎక్కడికి పోవును? జబ్బు చేసినచో ఎవరు చూతురు? మన మతమువాడు, మన భాషవాడు కాని మనిషికి అక్కడ చోటున్నదా? ఈ ప్రశ్నలకు ముందుగా సమాధానమును ఆలోచించి, తరువాత రాయి మీద రాయి పెట్టినవాడే నగర నిర్మాత అనిపించుకొనును.

అట్టివాడొకడు మన తెలుగుగడ్డ మీద నాలుగు వందల ఏండ్లకు పూర్వమే ఉండినాడు. గోలకొండ సుల్తానుగా రాజ్యమేలి, ఉర్దూ భాషలో తొలి దీవాను వెలయించిన కవిగా పేరొంది, హైదరాబాదు నగరమును స్థాపించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షాయే ఆ మహనీయుడు. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను విద్యార్థులకు ఆయన జీవితము తెలిసికొనదగినది.

వంశము, బాల్యము

కుతుబ్‌షాహీ వంశమునకు మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాను దేశము నుండి దక్కనుకు వచ్చి బహమనీ సుల్తానుల కొలువులో చేరినాడు. తన శౌర్యముచేత తెలంగాణమునకు పాలకుడైనాడు. బహమనీ రాజ్యము శిథిలము కాగా గోలకొండలో స్వతంత్రముగా ఏలినాడు. 1543లో ఆయన హత్యకు గురియైనాడు. కుమారుడు జంషీదు సింహాసనమెక్కగా, చిన్నవాడైన ఇబ్రహీము ప్రాణభీతితో విజయనగరమునకు పోయి అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడిపినాడు. తెలుగు భాష మీద, తెలుగు కవిత్వము మీద ఆయనకు మక్కువ కలిగినది ఆ ప్రవాస కాలముననే. 1550లో తిరిగివచ్చి గోలకొండ పాలకుడైనాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చినాడు. ఆయన సామంతుడైన అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితమొసగినాడు. తొలి అచ్చతెనుగు కావ్యము ఒక ముస్లిము ప్రభువునకు అంకితమగుట మన సాహిత్య చరిత్రలో మరువరాని ఘట్టము.

1565లో దక్కను సుల్తానులు పలువురు ఏకమై విజయనగరము మీదికి దండెత్తినారు. తనకు నీడనిచ్చిన రామరాయల మీదనే ఇబ్రహీము కత్తి దూయవలసి వచ్చినది. విజయనగర వైభవము కూలిపోయిన ఆ సంవత్సరముననే గోలకొండలో ముహమ్మద్ కులీ జన్మించినాడు. ఒక మహానగరము శిథిలమైన ఏట పుట్టిన శిశువు మరియొక మహానగరమునకు పునాది వేయువాడగుట చరిత్రలోని వింత.

ఆ బాలుడు పెరిగిన ఇల్లు అనేక భాషల ఇల్లు. కొలువులో పారశీకము, అంతఃపురములోను అంగడిలోను దక్కనీ, ఊరిలోను పొలములోను తెలుగు. తండ్రి ఇబ్రహీము కట్టించిన పనులలో అధికభాగము నీటికి సంబంధించినవే. హుస్సేన్‌సాగరము, ఇబ్రహీంపట్టణపు చెరువు ఆయన కాలమునాటివి. 1578లో మూసీనది మీద ఆయన కట్టించిన వంతెనయే నేడు మనము పురానాపూల్ అని పిలుచుచున్నది. ఆ వంతెన లేనిదే ఆవలి ఒడ్డున నగరమే లేదు. కనుక కుమారుని నగరమునకు తొలి రాయి తండ్రి వేసినాడనవచ్చును.

రాజ్యభారము

1580లో ఇబ్రహీము మరణించినాడు. ముహమ్మద్ కులీకి అప్పటికి పదునైదేండ్ల వయస్సు. బాలుని చేతికి వచ్చిన రాజ్యము ప్రశాంతముగా లేదు. పడమట బిజాపూరుతో యుద్ధము సాగుచున్నది. నల్‌దుర్గము కోటను పట్టుటకు గోలకొండ సేనలు చేసిన ప్రయత్నము ఫలించలేదు. చివరకు తన సోదరిని బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షాకిచ్చి 1587లో వివాహము చేయగా ఆ వైరము చల్లారినది. దక్షిణమున పెనుగొండ మీదికి పోయిన దాడియు ఆశించిన ఫలమునీయలేదు. కత్తితో రాజ్యమును పెంచుట తనకు అంతగా కలిసిరాదని ఆ యువకుడు గ్రహించెనేమో గాని, ఆ తరువాత ఆయన మనస్సు నిర్మాణముల వైపు మరలినది. పడమటి సరిహద్దున లభించిన శాంతియే నగర నిర్మాణమునకు అవకాశమిచ్చినది.

ఆనాటి గోలకొండ కోట జనముతో క్రిక్కిరిసియుండినది. కొండచుట్టు గోడలు, గోడల నడుమ రాజగృహములు, సైనికుల బసలు, వర్తకుల కొట్లు, చేతిపనివారల పాకలు. వజ్రముల వ్యాపారము, మచిలీపట్టణపు రేవు వ్యాపారము పెరిగిన కొలది జనము పెరిగినది. కోటగోడ పెరుగదు, కోటలోని నీరు పెరుగదు. ఇరుకు తోడుగా రోగములు వ్యాపించినవి. రాజధానిని విస్తరించుటయా, విడుచుటయా అను ప్రశ్న ఎదురైనది. ముహమ్మద్ కులీ మూడవ మార్గమును ఎన్నుకొన్నాడు. కోటను కోటగా నిలిపియుంచి, ప్రజల నివాసము కొరకు వంతెనకు ఆవల, మూసీ దక్షిణపు ఒడ్డున ఒక క్రొత్త నగరమును నిర్మింప సంకల్పించినాడు. గోలకొండ నుండి మచిలీపట్టణమునకు పోవు రహదారి ఆ వంతెన దాటి ఆ నేల మీదుగనే పోవుచుండెను.

మీర్ మోమిన్ ఆలోచన

ఈ పనికి ఆయనకు లభించిన సహాయకుడు మీర్ ముహమ్మద్ మోమిన్ ఆస్తరాబాదీ. ఇరాను దేశమున రాజకుమారునకు గురువుగా ఉండి, అక్కడి కలతలవలన దక్కనుకు వచ్చిన ఈ పండితుడు గోలకొండలో పీష్వా పదవిని అలంకరించినాడు. ఆయన కేవలము మంత్రి కాడు. విద్వాంసుడు, కవి, వాస్తు తెలిసినవాడు. నూతన నగరము ఒక నవీన ఇస్ఫహానుగా శోభిల్లవలెనని ఆయన ఆకాంక్ష. గమనింపదగిన విషయమేమనగా, ఇరాను దేశపు ఇస్ఫహాను షా అబ్బాసు కాలమున 1598లో రాజధానియై తన ప్రఖ్యాత వైభవమును సంతరించుకొన్నది. అప్పటికి మన హైదరాబాదు వెలసి ఏడేండ్లయినది.

నగర ప్రణాళికకు పారశీక ఉద్యానముల నాలుగు భాగముల పద్ధతి మాదిరియైనదని పెక్కుమంది చెప్పుదురు. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కుల నిలిచిన కాకతీయుల శిలాతోరణములును, వానిగుండా సాగు దారులును ఈ ప్రణాళికకు ప్రేరణయైనవని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. ఇరానీయుని ఊహయు, కాకతీయుల స్మృతియు ఒకే కూడలిలో కలిసికొన్నవనుట ఈ నగర స్వభావమునకు తగియున్నది.

హిజ్రీ సహస్రాబ్ది సమీపించిన వేళ, 1591లో, నగరమునకు నడిబొడ్డుగా చార్‌మినార్ నిర్మింపబడినది. చతురస్రాకారమున ఒక్కొక్క వైపు ఇరువది మీటర్లున్న ఈ కట్టడమునకు నాలుగు దిక్కుల నాలుగు పెద్ద కమానులు, నాలుగు మూలల నాలుగు మినారులు. పై అంతస్తున మసీదు. క్రింద నడిమధ్యన నీటితొట్టె. మహమ్మారి శాంతించినందుకు కృతజ్ఞతగా దీనిని కట్టిరని జనశ్రుతి. కారణమేదైనను, దాని పని మాత్రము స్పష్టము. నాలుగు కమానుల నుండి నాలుగు రాజమార్గములు నాలుగు దిక్కులకు బయలుదేరినవి. మిగిలిన వీథులన్నియు వానికి సమాంతరముగనో అడ్డముగనో సాగినవి. కోటలో దారి రాజు ఇంటికి పోవును. ఇక్కడ దారులు ప్రజల కూడలి నుండి బయలుదేరినవి. రాజు తన మహలులను కూడలికి ప్రక్కగా కట్టించుకొన్నాడు, నడుమ మాత్రము కట్టుకొనలేదు.

చార్‌మినారుకు ఉత్తరముగా కొద్ది దూరమున విశాలమైన చదరములో నాలుగు ఎత్తైన కమానులు లేచినవి. మచిలీ కమాను, కాలీ కమాను, షేర్-ఎ-బాతిల్ కమాను, చార్‌మినార్ కమాను అని నేడు వానికి పేర్లు. ఆ నాలుగింటి నడుమ నేడు గుల్జార్ హౌజు అని పిలువబడు జలాశయము అమర్చినారు. రహదారి ప్రక్కల అంగళ్ళు వరుసగా వెలసినవి. అంగళ్ళ వెనుక వాడలు, వాడల నడుమ తోటలు, తోటలకు నీటి కాలువలు. నగరములో తోటలున్నవనుట కంటె, తోటలో నగరమున్నదనుట ఉచితమని పరదేశీయులు తలచునట్లుండెను.

1595లో దారుష్షిఫా వైద్యశాల వెలసినది. విశాలమైన ముంగిలి చుట్టును రెండంతస్తుల గదులతో కట్టిన ఆ భవనములో రోగులకు యునానీ వైద్యము చేయుచు, విద్యార్థులకు ఆ శాస్త్రమును బోధించుచుండిరి. రోగులకు మందుతోబాటు భోజన వసతియు అక్కడనే. నగరమునకు పునాది పడిన నాలుగేండ్లకే ఆసుపత్రి లేచుట గమనింపవలయును. గోలకొండ ఇరుకులో ప్రబలిన రోగముల అనుభవము పాలకుల మనస్సులో ఎంత బలముగా నాటుకొన్నదో దీనివలన తెలియుచున్నది. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, జామా మసీదు ఆ దశాబ్దమునందే రూపొందినవి. మీర్ మోమిన్ తన వంతుగా నగరము వెలుపల గ్రామములు వెలయించి, చెరువులు త్రవ్వించి, మసీదులు కట్టించినాడు. నడుమ నగరము, చుట్టు చెరువులున్న పల్లెలు, ఇది వారి దృష్టి.

పేరును గూర్చిన వివాదము

ఈ నగరమునకు తొలుత భాగ్‌నగరమని పేరుండెననియు, సుల్తాను ప్రేమించిన భాగమతి యను నర్తకి పేరుమీదుగా ఆ పేరు వచ్చెననియు లోకములో కథ ప్రచారములో ఉన్నది. సమకాలికుడైన ఫెరిష్తా తన చరిత్ర గ్రంథమున ఈ విషయమును ప్రస్తావించినాడు. ఆధునిక చరిత్రకారులలో హరూన్‌ఖాన్ షేర్వానీ వంటి పండితులు ఈ కథను అంగీకరింపలేదు. పారశీకమున బాగ్ అనగా తోట, కనుక తోటల నగరము బాగ్‌నగరమైనదని మరియొక వాదము. ప్రేమకథ మధురము, తోటల కథయు మధురమే. అయినను నగరమును గూర్చిన మన చర్చ అంతయు దాని పేరు దగ్గరనే ఆగిపోయినచో దానిని కట్టిన ఆలోచన మరుగున పడిపోవును.

కవి హృదయము

ముహమ్మద్ కులీని రాజుగా కంటె కవిగా తలచుకొనువారే అధికులు. ఉర్దూ తొలిరూపమైన దక్కనీలో కవితలు వ్రాసి, వానిని దీవానుగా మిగిల్చిన తొలి కవియని సాహిత్య చరిత్ర ఆయనను గౌరవించుచున్నది. పారశీకమునను ఆయన కవిత చెప్పినాడు. కాని ఆయన కవితలలోని లోకము పారశీక లోకము కాదు. అక్కడ మన ఎండ, మన వాన, మన పండ్లు, మన కూరగాయలు ఉన్నవి. ఈదు, నౌరోజు, షబ్-ఎ-బరాత్ పండుగలతో సమానముగా వసంతోత్సవమును వర్ణించినాడు. మృగశిర కార్తెలో తొలకరి కురియు దినమును మృగ్‌సాల్ అను పేర పండుగగా చేసికొని దానిని గూర్చి పెక్కు కవితలు వ్రాసినాడు. మృగశిర కొరకు ఆకాశము వంక చూచు మన చీడికాడ రైతునకు ఆ కవితలోని ఆనందము ఏ వ్యాఖ్యానము లేకయే అర్థము కాగలదు.

ఆయన పాలనలో తెలుగునకును స్థానముండెను. కుతుబ్‌షాహీల శాసనములు, ఫర్మానులు పారశీకముతోబాటు తెలుగునను వెలువడెడివి. గోలకొండ కరణమైన సారంగు తమ్మయ్య విప్రనారాయణుని కథను వైజయంతీవిలాసముగా ఆయన కాలముననే రచించినాడు. సుల్తాను ఏలు పట్టణములో కరణము చేయుచు ఒక వైష్ణవ భక్తుని కథను తెలుగు కావ్యముగా వ్రాయగలిగినాడనిన, ఆ పట్టణమున పొరుగువానికి చోటున్నదనుటకు వేరు సాక్ష్యము ఏల?

నగరము పూర్తి అగుచున్న కాలమున కవిరాజు భగవంతునికి చేసికొన్న ప్రార్థన ఒకటి ఆయన కవితలలో ప్రసిద్ధమైనది. తన నగరము జనముతో నిండియుండవలెనని ఆయన వేడుకొన్నాడు. అందులకు ఆయన ఎన్నుకొన్న ఉపమానము మీనములతో నిండిన సముద్రము. కోటలు గెలువవలెననియో, ధనాగారము నిండవలెననియో కాదు, ఇండ్లలో మనుష్యులుండవలెనని కోరిన రాజు ఆయన. కట్టడములు పూర్తియైనను కాపురములు లేక వెలవెలబోవు నగరములను నేటి లోకము ఎన్నింటినో చూచినది. ఆ ప్రార్థనలోని వివేకము నేడు మరింత తెలిసివచ్చుచున్నది.

నాణెమునకు రెండవ వైపు

జీవితచరిత్ర వ్రాయువాడు స్తోత్రము వ్రాయరాదు. ఈ నగరమునకు ఖర్చైన ధనము ఆకాశమునుండి ఊడిపడలేదు. వజ్రముల గనుల నుండి, రేవుల సుంకముల నుండి, అన్నిటికి మించి పల్లెల శిస్తుల నుండి అది వచ్చినది. మన ప్రాంతమునకు సమీపముననున్న కశింకోటను ఆనాడు ఏలుచున్న ముకుందరాజు గోలకొండకు కప్పము చెల్లించుట మానివేయగా, సుల్తాను సేనలు ఇంత దూరము వచ్చి పోరాడి ఆయనను వెడలగొట్టినవి. నగరమున దారుష్షిఫాలో రోగికి ఉచితముగా మందు దొరకిన కాలముననే, కళింగ సీమలోని పల్లెలు దండుల త్రొక్కిడిని చవిచూచినవి. చార్‌మినారు వెలుగు కశింకోట వరకు వచ్చినదో లేదో గాని, దాని ఖర్చు మాత్రము వచ్చినది. మన సీమవారు ఆ నగరమును చూచునపుడు ఈ సంగతియు స్మరింపవలసియున్నది.

రాజగృహములోను శాంతి నిలువలేదు. ఆయన చివరి సంవత్సరములలో సోదరుడు ఖుదాబందా తిరుగుబాటునకు పూనుకొని బందీయైనాడు. మచిలీపట్టణమున 1606 నాటికే డచ్చివారు వర్తకశాల నెలకొల్పినారు. 1611లో ఆంగ్లేయుల ఓడ అక్కడకు చేరినది. తన రేవున దిగిన ఆ వర్తకుల వారసులు ముందు ముందు దేశమునే ఏలుదురని సుల్తాను ఊహించియుండడు.

మరియొక లోటును కూడ చెప్పవలెను. రాజు పేరు తెలిసినది, మంత్రి పేరు తెలిసినది. చార్‌మినారు రాళ్ళను చెక్కినవారు, సున్నము నూరినవారు, గచ్చు పూసినవారు, కాలువలు త్రవ్వినవారు ఎవరో చరిత్ర చెప్పదు. బొంబాయిలో దీవులను కలిపిన కామాఠీకి కనీసము ఒక పేట పేరు మిగిలినది. ఇక్కడి వడ్డెరకు అదియు లేదు.

అస్తమయము, ఆ తరువాత

ముహమ్మద్ కులీకి ఒక్కతే కుమార్తె, హయాత్ బక్షీ బేగము. ఆమెను 1607లో తన సోదరుని కుమారుడైన సుల్తాన్ ముహమ్మదునకిచ్చి వివాహము చేసి, అతనినే తన వారసునిగా నిర్ణయించినాడు. 1612 జనవరి మాసమున, ఏబది ఏండ్లయిన నిండకముందే, ముహమ్మద్ కులీ కన్నుమూసినాడు. గోలకొండ సమీపమున కుతుబ్‌షాహీ సమాధులలో ఆయన సమాధి మిక్కిలి గంభీరమైనది. అల్లుడు ముహమ్మద్ కుతుబ్‌షా మామగారి కవితలన్నిటిని 1616లో సేకరింపజేసి, స్వయముగా పీఠిక వ్రాసినాడు. మూడు శతాబ్దులకు పైగా మరుగుననున్న ఆ కావ్యసంపదను డాక్టరు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో పరిష్కరించి లోకమునకు అందించినాడు. హయాత్ బక్షీ బేగము భర్త కాలమునను, కుమారుని కాలమునను రాజ్యమునకు పెద్దదిక్కై నిలిచినది. హయాత్‌నగరు ఆమె పేర వెలసినదే. మీర్ మోమిన్ మాత్రము రాజు తరువాత మరికొన్ని ఏండ్లు జీవించి, తాను ఏర్పరచిన దాయిరాలోనే చిరనిద్ర పొందినాడు.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించగా కుతుబ్‌షాహీ వంశము అంతరించినది. ముహమ్మద్ కులీ కట్టించుకొన్న మహలులు నేల మట్టమైనవి. కాని ప్రజల కొరకు వేసిన కూడలి, వీథులు, చార్‌మినారు, నాలుగు కమానులు నిలిచినవి. రాజు తనకు కట్టుకొన్నది పోయినది, ఊరికి కట్టినది మిగిలినది.

అయినను నగరమును స్థాపించుట ఒక యెత్తు, దానిని కాపాడుకొనుట మరియొక యెత్తు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినది. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించి, నదికి ఎగువను జలాశయములు కట్టవలెనని సూచించినాడు. తత్ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. ఇబ్రహీము చెరువులతో ఆరంభమైన నగర చరిత్ర మరల చెరువుల వద్దకే వచ్చినదన్నమాట. కవి కోరిన కోరిక మాత్రము ఆయన ఊహించినదానికి మించి ఫలించినది. 2011 జనాభా లెక్కల నాటికే నగర జనసంఖ్య 60 లక్షలు దాటినది. జనము పెరిగినది, కాని చెరువులు పూడినవి. నీటిని పూడ్చి నేలను చేయుట సముద్రతీరమున ఒక విద్యయైనచో, మెట్టనేలల నగరమున చెరువును పూడ్చి ఇల్లు కట్టుట అపాయమును కొని తెచ్చుకొనుటయే. వాన కురిసినపుడు నీరు తన పాత చోటు వెదకుకొనును. మొదటి నిర్మాత ఎరిగిన ఈ సత్యమును తరువాతివారు మరచినారు.

మనకు మిగిలిన పాఠము

2022 నుండి మన చీడికాడ అనకాపల్లి జిల్లాలో చేరినది. మన మండలముననే కోనాం జలాశయమున్నది. ఆ నీరు పారినపుడే మన పొలములు పచ్చబడుచున్నవి. మన యువకులు చదువుల కొరకు విశాఖపట్టణమునకును, ఉద్యోగముల కొరకు హైదరాబాదునకును, కూలి కొరకు గల్ఫు దేశములకును పోవుచున్నారు. వారిలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును, మేస్త్రీలు కావచ్చును, అధికారులు కావచ్చును. ఎవరైనను, ఎక్కడనైనను ఏదో ఒక ఊరిని కట్టుటలో వారు పాలుగొందురు. అది సముద్రములో పోసిన ఇసుక దిబ్బ కావచ్చును, మన ఊరి చెరువు ప్రక్క క్రొత్త వీథి కావచ్చును.

విద్యార్థి మిత్రులారా! ముహమ్మద్ కులీ కుతుబ్‌షా మహారాజు గనుక ఆయన చేయగలిగినాడని తలచి ఊరకుండరాదు. ఆయనకు పూర్వము, ఆయన తరువాత మహారాజులు ఎందరో ఉన్నారు. వారిలో అధికులు కోటలు కట్టిరి. ఈయన కూడలి కట్టినాడు. గోడకు ముందు బాటను, మహలుకు ముందు మందును తలచినాడు. ఆయన మరచిన పల్లెను, ఆయన చరిత్రలో పేరు లేని వడ్డెరను తలచుకొనుట ఇక మన వంతు. నీటికి చోటు విడిచి, పనివానికి ఇల్లు చూపి, పొరుగువానికి తావిచ్చి కట్టిన ఊరు చిన్నదైనను నిలుచును. ఆ మూడింటిని మరచి కట్టినది ఎంత పెద్దదైనను, బంగారు ఇసుక మీద కట్టినదైనను, నగరమనిపించుకొనజాలదు.